చిత్తూరు బెల్లం గోడౌన్‌లో దొరికిన 1966 హెరాల్డ్: బాగు చేయించేదా, తుక్కుకు వేసేదా?

కల్యాణిడ్యామ్ (తిరుపతి) | ఫిబ్రవరి 8, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదువుతూ కూర్చున్నానే గానీ ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పని పని నెత్తిన పెట్టుకున్నా.

చిత్తూరులో మా పెద్దమ్మ ఇంటికి నాలుగిళ్ల అవతల బెల్లం వ్యాపారం చేసినవాళ్లు ఉన్నారు. వాళ్ల పాత గోడౌన్ పడగొట్టి షాపులు కడుతున్నారు. సంక్రాంతికి పోయినప్పుడు చూస్తే గోనె సంచుల కుప్ప కింద ఒక కారు మూతి కనబడింది. సంచులు లాగితే స్టాండర్డ్ హెరాల్డ్. రెండు తలుపులది, 1966 మోడల్, మద్రాసు నెంబరు. ఇంటాయన పోయాక 1989 నుంచి కదల్లేదట. తుక్కువాడు 22 వేలు చెప్పాడన్నారు. నేను 45 అన్నా. ఆ ఇంటి అవ్వ నా మొహం చూసి "ఇంత చదువుకున్నావు, నీకేం ఖర్మ నాయనా" అంది. డబ్బు మాత్రం లెక్కపెట్టి తీసుకుంది.

డీసీఎంలో వేసుకుని పూతలపట్టు మీదుగా తిరుపతికి తెచ్చా. పరిస్థితి ఇదీ: ఇంజన్ జామ్. డ్రైవర్ కాళ్ల కింద ఫ్లోర్ లేదు, రోడ్డే. సీట్లలో ఎలుకలు కాపురం చేశాయి. డిక్కీలో ఎప్పుడో బెల్లం పాకం కారినట్టుంది, స్టెప్నీ అడుక్కి అతుక్కుపోయింది. రెండు బిందెల వేడినీళ్లు పోస్తే గానీ ఊడలేదు. చీమలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

చేతిలో మూడు లక్షలుంది. చిన్నప్పటి నుంచి పాత స్పోర్ట్స్ కారు పిచ్చి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

ఇంకో సంగతి. డిక్కీలో పెట్రోలు ట్యాంకు మీద చిన్న పిడి ఒకటుంది. ఎటు తిప్పినా ఏమీ కావట్లేదు. అదేందో ఎవరికైనా తెలుసా?

రేణిగుంట_రన్‌వే | ఫిబ్రవరి 8, రాత్రి 11:15

హెరాల్డ్ స్పోర్ట్స్ కారు ఎప్పటినుంచి బ్రదర్? మా తాత చీటీల డబ్బు వసూలుకు దాంట్లోనే తిరిగేవాడు. 948 సీసీ. ఇప్పుడు నా బైకు 650.

పుత్తూరుకట్టు | ఫిబ్రవరి 9, ఉదయం 6:30

మూడు లక్షలు అన్నారు. ఆరు అని రాసిపెట్టుకోండి. ఇంట్లో మాత్రం రెండని చెప్పండి.

పాతచిత్తూరు | ఫిబ్రవరి 9, ఉదయం 9:04

రన్‌వే బాబూ, నాకు డెబ్బై మూడు. మా నాన్నగారికి హెరాల్డ్ ఉండేది, నేను క్లచ్ తొక్కడం నేర్చుకున్నది దాని మీదే. కాబట్టి కాస్త ఓపిగ్గా విను.

ఈ బండి 1959లో ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్‌గా వచ్చింది. గీసినాయన ఇటలీ దేశస్థుడు, జొవాన్ని మికెలోటి. అప్పటికి అక్కడ చాలా కార్లు ఛాసిస్ (కింది చట్రం), బాడీ ఒకటే ముక్కగా చేస్తున్నారు. వీళ్లకు బాడీలు చేసిపెట్టే కంపెనీని 1953లో పోటీ కంపెనీ కొనేసింది. మొత్తం బాడీ ఒకచోట చేయించుకునే దారి మూసుకుపోవడంతో, విడిగా ఛాసిస్ పెట్టుకుని, వేర్వేరు చోట్ల చేయించిన ముక్కల్ని బోల్టులతో దాని మీద బిగించారు. గతిలేక చేసిన పనే, కానీ దానివల్ల టాప్ విప్పి పక్కన పెట్టొచ్చు. అదే ఛాసిస్ మీద సెడాన్, కూపే, టాప్‌లెస్, వ్యాను అన్నీ వచ్చాయి.

ఆ ఛాసిస్‌నే పొట్టి చేసి, అదే మికెలోటి చేత రెండు సీట్ల బాడీ గీయించి 1962లో వదిలిన బండి పేరు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. 1965లో ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల రేసులో తన క్లాసులో మొదటిది వచ్చింది. ముందు చక్రాల సస్పెన్షన్, వెనక స్ప్రింగు, స్టీరింగు, మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు తెరుచుకునే బానెట్టు, ఈ లక్షణాలన్నీ మీ తాతగారు చీటీల డబ్బు వసూలు చేసిన బండివే. స్పోర్ట్స్ కారు కాదంటే ఒప్పుకుంటా. స్పోర్ట్స్ కారుకు తోబుట్టువు కాదంటే మాత్రం ఒప్పుకోను.

మనకు 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు చేశారు, వండలూరు ఫ్యాక్టరీలో. తర్వాత నాలుగు తలుపులది కూడా తీసుకొచ్చారు, అది మన దేశంలోనే. 1972 నుంచి దీని తర్వాతి బండి గెజెల్. మద్రాసు దగ్గర షోలవరంలో పాత విమానాల రన్‌వే మీద జరిగే రేసులకు మా నాన్నగారు ఒకసారి తీసుకుపోయారు. హెరాల్డ్‌లు కూడా పరిగెత్తాయి. నాకు గుర్తున్నది ఎండ, నిమ్మసోడా, ఆ చప్పుడు.

కల్యాణి గారూ, ఆ పిడి సంగతి గుర్తు రావడం లేదు. చూసినట్టే ఉంది.

రేణిగుంట_రన్‌వే | ఫిబ్రవరి 9, ఉదయం 9:40

సరే సార్, తోబుట్టువు వరకు ఒప్పుకుంటున్నా.

ఆటోనగర్_తమ్ముడు | ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 1:20

అన్నా, నేను ఆటోనగర్‌లో పదకొండేళ్లుగా పని చేస్తాన్నా. హెరాల్డ్ నేను ఒకటే చూసినా, మా మేస్త్రీ ఆరేడు విప్పినాడు. ఆయన చెప్పింది రాస్తాన్నా.

పెయింటు గురించి ఇప్పుడు ఆలోచించొద్దు. అందరూ చేసే తప్పు అదే. బండి నాలుగు స్టాండుల మీద పెట్టి, ఛాసిస్ పక్కలకు పోయే చేతులు చూడన్నా, బాడీ నిలబడేది వాటి మీదే. స్క్రూడ్రైవర్‌తో పొడువు. లోపలికి దిగిపోతే కట్ చేసి కొత్త రేకు గ్యాస్ వెల్డింగ్ చేయాల్సిందే. అయితే తలుపులు మూసి, సందులు అన్నీ సరిచూసుకున్నాకే వెల్డింగ్ పెట్టాల. లేదంటే ఛాసిస్ రవ్వంత వంగినా తలుపు ఇంగ జన్మలో పడదు. ముక్కల బాడీ కదా, ఒకటి జరిగితే అన్నీ జరుగుతాయి.

రెండోది. ఇంజన్ తిరిగినాక ఒకర్ని క్లచ్ తొక్కమని, నువ్వు ముందర క్రాంక్ పుల్లీని చూడు. తొక్కినప్పుడు పుల్లీ ముందుకు జరిగితే లోపల క్రాంక్‌ను ముందుకూ వెనక్కూ జరక్కుండా పట్టే థ్రస్ట్ వాషర్లు అరిగిపోయినట్టు. అర్ధచంద్రం మాదిరి ఉంటాయి, రెండు చిన్న ముక్కలు. అవి ఊడి సంపులో, అంటే కింది ఆయిల్ తొట్టిలో, పడినాయంటే క్రాంక్ పోయి బ్లాకునే తినేస్తుంది. ముందే మార్చేస్తే చిన్న ఖర్చుతో పోతుంది.

లేదూ ఇదంతా తలనొప్పి అనుకుంటే, ఓమ్ని వ్యాను ఇంజన్ పెట్టేద్దాం. 40 వేలల్లో అయిపోతుంది. పార్టులు ప్రతి వీధిలో దొరుకుతాయి.

తిరుచానూరు_లక్ష్మి | ఫిబ్రవరి 9, సాయంత్రం 7:48

ఇంజన్ మార్చకండి. తమ్ముడూ, కోపం తెచ్చుకోవద్దు, కారణం చెబుతాను.

2021 జులైలో కేంద్రం పాత బండ్ల కోసం మోటారు వాహనాల నిబంధనల్ని సవరించింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత కార్లు, టూవీలర్లు వింటేజ్ కింద నమోదు చేసుకోవచ్చు. షరతు ఏమిటంటే బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పు చేయకూడదు. ఓమ్ని ఇంజన్ పెట్టారంటే ఆ దారి మూసుకున్నట్టే. కొత్త నమోదుకు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత రెన్యువల్‌కు 5 వేలు. నెంబరు ప్లేటులో రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' అని వస్తుంది. పాత నెంబరు ఇంకా చెల్లుబాటులో ఉంటే దాన్నే ఉంచుకోనిస్తారు.

ముందు ఆ అవ్వగారి దగ్గర ఆర్‌సీ బుక్కు ఉందేమో అడగండి. మద్రాసు నెంబరు కాబట్టి తమిళనాడు నుంచి ఎన్‌వోసీ గొడవ ఉంటుంది. ఇంజన్ నెంబరు, ఛాసిస్ నెంబరు ఈ రోజే ఫోటోలు తీసి పెట్టుకోండి. వెల్డింగ్ వాడు గ్రైండర్ పెట్టాక ఏడ్చి లాభం లేదు.

కల్యాణమండపం_రోడ్ | ఫిబ్రవరి 9, రాత్రి 8:10

తిరుపతిలో ముహూర్తాలకు కొదవ లేదు. పెళ్లికొడుకు ఊరేగింపుకు బాడుగకు ఇస్తే ఏడాదిలో పెట్టుబడి తిరిగొస్తుంది కదా అన్నా?

తిరుచానూరు_లక్ష్మి | ఫిబ్రవరి 9, రాత్రి 8:16

వింటేజ్ కింద రిజిస్టర్ చేస్తే బాడుగకు తిప్పకూడదు. రోజువారీ తిరగడానికీ కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేరు, పెట్రోలు పోయించడం, వీటికే రోడ్డెక్కాలి.

కల్యాణమండపం_రోడ్ | ఫిబ్రవరి 9, రాత్రి 8:17

అయితే గుర్రమే నయం.

కల్యాణిడ్యామ్ | మార్చి 2, రాత్రి 9:30

అందరికీ థ్యాంక్స్. ఇంజన్ మార్చడం లేదు. తమ్ముడు రోజూ సాయంత్రం డ్యూటీ అయ్యాక మా షెడ్డుకు వస్తున్నాడు, కాబట్టి కోపం లేదనే అనుకుంటున్నా.

ఛాసిస్ మేము భయపడినంత లేదు. ఎడమ పక్క రెండు చేతులు మార్చాం. విచిత్రం చెప్పనా, డిక్కీలో బెల్లం పాకం కారినంత మేర రేకుకు తుప్పు లేదు. దాని పక్కన జల్లెడ.

ఇంజన్: నాలుగు ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో డీజిలూ బ్రేక్ ఆయిలూ కలిపి పోసి వదిలేశాం. రోజూ పొద్దున ఆఫీసుకు పోయేముందు పుల్లీ నట్టుకు స్పానర్ పెట్టి ఒకసారి లాగి చూసేవాణ్ణి. పదకొండో రోజు పిసరంత కదిలింది. ఆ రోజు ఆఫీసులో ఏ ఫైలు మీద సంతకం పెట్టానో నాకే తెలియదు.

విప్పాక అసలు కథ. బ్లాకు పక్కన నీళ్ల దారికి మూతల్లా ఉండే కోర్ ప్లగ్గులు పీకితే నీళ్ల దారి మొత్తం ఎర్రమట్టితో మూసుకుపోయి ఉంది. నాలుగో సిలిండర్ వెనక చెక్కులా గట్టిపడిపోయింది. సైకిల్ స్పోక్ వంచి గోకుతూ కూర్చుంటే రెండు రోజుల్లో పాత హార్లిక్స్ సీసా సగం నిండింది. చిత్తూరు బోరు నీళ్లు ఇరవై మూడేళ్లు తాగిన బండి మరి. ఇకమీదట డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ తప్ప ఇంకోటి పోయను.

సిలిండర్ హెడ్ చెన్నైలో ఒక వర్క్‌షాపుకు పంపా. రెండు వారాలు అన్నారు.

పాతచిత్తూరు | మార్చి 3, ఉదయం 8:20

హెడ్ పంపారు కాబట్టి ఒక మాట. ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు వేయమని చెప్పండి. ఆ రోజుల్లో పెట్రోల్లో సీసం ఉండేది, వాల్వు సీటు అరగకుండా కాపాడేది అదే. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. సాదా సీట్లతో నడిపితే సీటు అరిగి వాల్వు కొంచెం కొంచెంగా హెడ్డులోకి దిగబడిపోతుంది. మెల్లగా పోయే బండికి చాలాకాలం తెలియదు, ఘాట్ ఎక్కిస్తే తెలుస్తుంది.

నగరి_మగ్గం | మార్చి 3, మధ్యాహ్నం 12:05

దాంతోపాటు పెట్రోలు పైపులు కూడా. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే ఐదో వంతు ఇథనాల్. పాత రబ్బరు అందులో మెత్తబడి ఉబ్బుతుంది, తర్వాత చీలుతుంది. ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్ కూడా ఈ పెట్రోలుకు తట్టుకునే రకమే వేయించండి. ఇంజన్ వేడి మీద పెట్రోలు చుక్క పడితే బండి కథ అక్కడే ముగుస్తుంది. సీట్లో చేతికందేలా మంటలార్పే సిలిండర్ ఒకటి పెట్టుకోండి.

నేను నెలకు రెండుసార్లు చెన్నై పోతాను. జీపీ రోడ్డులో ఇద్దరు ముసలి షాపుల వాళ్ల దగ్గర స్టాండర్డ్ పార్టులు ఇంకా ఉన్నాయి. అట్టపెట్టెల్లో, రేటు లేకుండా. "ఏం బండి" అని అడుగుతారు, పేరు చెప్పగానే కుర్చీ వేస్తారు. తీసిన భాగం చేతిలో పెట్టుకుని పోవాలి, ఫోన్లో ఫోటో చూపిస్తే లెక్కచేయరు. పాత సామాను కావాలంటే పుదుపేట. అక్కడ బేరం రాకపోతే మాత్రం పోవద్దు.

కల్యాణిడ్యామ్ | జూన్ 21, రాత్రి 11:10

రెండు వారాలన్న హెడ్ మూడున్నర నెలలకు వచ్చింది. ఫోన్ చేసిన ప్రతిసారీ "నాళైకి సార్" (రేపు సార్). చివరికి నగరి అన్న స్వయంగా పోయి కూర్చుంటే ఇచ్చారు. రెండు స్టడ్‌లు లేవు, డబ్బు మాత్రం పూర్తిగా పట్టారు. ఎవరో అడగొద్దు, చెప్పను. పని మాత్రం బాగుంది, అదే ఏడుపు.

ఈలోపు మా ఆవిడకు అసలు లెక్క తెలిసిపోయింది. పుత్తూరు అన్న సలహా పనిచేయలేదు.

పుత్తూరుకట్టు | జూన్ 22, ఉదయం 6:12

నా సలహా బాగానే పనిచేసింది తమ్ముడూ, నాలుగు నెలలు.

తిరుచానూరు_లక్ష్మి | జూన్ 29, సాయంత్రం 6:40

ఈ ఆదివారం పోయి వైరింగ్ చూసి వచ్చాను. నాతోపాటు మా అబ్బాయి కూడా వచ్చాడు, వాడికి ఆ బానెట్టు ముందుకు తెరుచుకోవడం చూసి మొసలి నోరులా ఉందని నవ్వు.

బ్యాటరీ తగిలించే ముందు అందరూ ఇది చదవండి. ఈ బండిది పాజిటివ్ ఎర్త్. అంటే ఇప్పటి కార్లకు పూర్తిగా తిరగేసి. బ్యాటరీ ప్లస్ పోయి ఛాసిస్‌కు తగులుతుంది. ఎవరైనా అలవాటు కొద్దీ మైనస్ ఛాసిస్‌కు పెట్టారంటే లేనిపోని తిప్పలు. ఫోన్ చార్జర్ లాంటిది ఏదైనా తగిలిస్తే దాని పని అయిపోయినట్టే. మార్చుకోవాలంటే మార్చుకోవచ్చు, డైనమోను మళ్లీ పోలరైజ్ చేసుకోవాలి, కాయిల్ వైర్లు తారుమారు చేయాలి. ఈయన అసలు పద్ధతిలోనే ఉంచుతానన్నారు, కాబట్టి బ్యాటరీ మీద ఎర్ర పెయింటుతో పెద్దగా రాసి వచ్చాను.

లూకాస్ కంపెనీ వైర్ల రంగులు ఒకసారి బుర్రకెక్కితే ఈ కాలం బండి కన్నా తేలిక. గోధుమరంగు ఎప్పుడూ కరెంటు ఉండేది, ఫ్యూజు లేదు, జాగ్రత్త. తెలుపు తాళం తిప్పితే వచ్చేది. ఆకుపచ్చ తాళంతో వచ్చి ఫ్యూజు దాటినది. నీలం హెడ్‌లైట్లు, ఎరుపు చిన్న లైట్లు, నలుపు ఎర్త్. 59 ఏళ్ల వైరు మీద ఏ రంగైనా మురికి రంగే, అది వేరే విషయం. స్పిరిట్‌లో గుడ్డ ముంచి ఒక్కోదాన్నీ తుడిస్తే గానీ తెలియలేదు.

కల్యాణిడ్యామ్ | ఆగస్టు 17, మధ్యాహ్నం 3:15

స్టార్ట్ అయింది!!!

వీడియో తీయడం మర్చిపోయాం. ముగ్గురం అరుస్తున్నాం. పక్కింటి వాళ్ల కుక్క ఇంకా మంచం కిందే ఉంది.

రేణిగుంట_రన్‌వే | ఆగస్టు 17, మధ్యాహ్నం 3:22

అభినందనలు బ్రదర్. ఒక రౌండుకు నేనూ వస్తా. 650 ఇంట్లో పెట్టి వస్తా.

కల్యాణిడ్యామ్ | అక్టోబరు 5, రాత్రి 10:05

చెడ్డ వార్త. ఎవరికీ ఏమీ కాలేదు, ముందే చెబుతున్నా.

రిజిస్ట్రేషన్ పని ఇంకా నడుస్తోంది కాబట్టి మా లేఅవుట్ లోపలే తిప్పుతున్నా. ఈ బండి పాతికడుగుల చోటులో వెనక్కి తిరిగిపోతుంది, ఆటో తిరిగినట్టు. అది చూపించాలని రన్‌వేను పక్కన కూర్చోబెట్టుకుని, వీధి చివర స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పా. స్పీడు పది కూడా లేదు. కింద నుంచి టక్ మని ఒక చప్పుడు, కొబ్బరి చిప్ప పగిలినట్టు. బండి ఎడమ మూల కూలబడింది. దిగి చూస్తే ఎడమ చక్రం మడ్‌గార్డు కింద పడుకుని ఉంది, కాలు విరిగిన గొడ్డులా.

చక్రాన్ని పట్టుకునే నిలువు కడ్డీ కింద మర దగ్గర తెగింది. తెగిన చోట సగం నల్లగా తుప్పు, సగం తెల్లగా మెరుస్తోంది. అంటే సగం ఎప్పుడో తెగి ఉంది, మిగతా సగం మీద ఇన్నాళ్లూ తిరుగుతున్నాం. ఇదే కరకంబాడి రోడ్డులో అరవై మీద జరిగుంటే ఏమయ్యేదో తలచుకుంటే నిద్ర పట్టడం లేదు.

పుత్తూరుకట్టు | అక్టోబరు 5, రాత్రి 10:20

మా ఊరికి తీసుకురండి. కోడిగుడ్డు తెల్లసొన పూసి, వెదురు బద్దలు కట్టి మూడు వారాల్లో నిలబెడతాం. (దేవుడి దయ, ఎవరికీ ఏం కాలేదు. నవ్వు రాకపోతే క్షమించండి.)

పాతచిత్తూరు | అక్టోబరు 6, ఉదయం 7:50

తప్పు నాది కూడా. ఫిబ్రవరిలోనే చెప్పాల్సింది.

ఆ కింది భాగాన్ని ట్రనియన్ అంటారు. మామూలు బండ్లలో బాల్ జాయింటు ఉండే చోట, ఇందులో కంచు దిమ్మ ఉంటుంది. నిలువు కడ్డీ చివర మర వేసి ఆ దిమ్మలో బిగిస్తారు. మీరు స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ ఆ మర మీదే చక్రం తిరుగుతుంది, బోల్టు బిగిసి వదులైనట్టు. దానికి నూనె పెట్టాలి. గ్రీజు కాదు, ఈపీ 90 గేర్ ఆయిల్. గ్రీజు ఆ సన్నని మరల్లోకి పూర్తిగా దిగదు, కొన్నాళ్లకు ఎండి గట్టిపడుతుంది. దాని పక్కన నీళ్లు చేరి ఉక్కు కడ్డీని లోపల్లోపల తినేస్తాయి. మా నాన్నగారి డ్రైవరు నెలకోసారి నూనె గన్నుతో కింద దూరేవాడు. "దీని కాళ్లకు తలకు నూనె పెట్టినట్టు పెట్టాల సామీ" అనేవాడు. నాకు ఆ మాట గుర్తుంది, మీకు చెప్పడం గుర్తు రాలేదు.

ఆటోనగర్_తమ్ముడు | అక్టోబరు 6, రాత్రి 9:45

గ్రీజు కొట్టింది నేనే. గ్రీజు ఎక్కించే నిప్పల్ కనబడింది, గన్ పెట్టినా. ఏ బండికైనా అదే కదా చేసేది. మా మేస్త్రీని అడిగితే "నువ్వు అడిగింటే చెప్పేవాణ్ణి కదరా" అన్నాడు. రెండు రోజులుగా షెడ్డుకు పోవాలంటే మొహం చెల్లలేదు.

కల్యాణిడ్యామ్ | అక్టోబరు 6, రాత్రి 9:58

తమ్ముడూ, పిచ్చి మాటలు మాట్లాడొద్దు. ఆ తుప్పు ముప్పై ఏళ్లది, నీ గ్రీజు రెండు నెలలది. రేపు రా. టిఫిన్ కూడా ఇక్కడే.

నగరి_మగ్గం | అక్టోబరు 7, ఉదయం 10:30

జీపీ రోడ్డులో చెప్పి పెట్టాను. ఒక్క విషయం: ఎడమ, కుడి ఒకటి కాదు. ఒకదానికి మామూలు మర, ఇంకోదానికి ఎడమ మర. ఎడమది విరిగింది కదా అని అదొక్కటే తేవద్దు, రెండు పక్కలా కడ్డీ, దిమ్మ అన్నీ కొత్తవే వేయండి. రెండోది కూడా అదే వయసుది. ఎక్స్-రే తీయకుండానే చెప్పొచ్చు.

రేణిగుంట_రన్‌వే | అక్టోబరు 7, ఉదయం 11:02

ఆ రోజు పక్క సీట్లో ఉన్నది నేనే. కూలబడగానే కల్యాణి అన్న మొదటి మాట "పెయింటు గీసుకుందా?"

కల్యాణిడ్యామ్ | డిసెంబరు 1, రాత్రి 9:15

రెండు వైపులా కొత్తవి వేశాం. నిప్పల్ దగ్గర తమ్ముడు పచ్చ పెయింటుతో చుక్క పెట్టి, షెడ్డు గోడ మీద బొగ్గుతో "పచ్చ చుక్క = నూనె" అని రాశాడు. రిజిస్ట్రేషన్ కూడా అయింది. అవ్వ దేవుడి గూట్లో పసుపు గుడ్డలో చుట్టి పెట్టిన ఆర్‌సీ బుక్కు లేకపోతే ఏమయ్యేదో. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, కింద దూరి ఛాసిస్ నెంబరు తనే చూసుకున్నారు. పోయేముందు ఒకసారి హారన్ కొట్టి చూడొచ్చా అని అడిగారు.

మొత్తం లెక్క: 5 లక్షల 80 వేలు. బండి ధర కాక.

వింటేజ్ ర్యాలీ అంటూ మన ఊళ్లో ఏదీ లేదు కాబట్టి, రిపేరు తర్వాత పరీక్ష అనే పేరుతో కాణిపాకం దాకా పోయి వినాయకుడి ముందు నిమ్మకాయలు తొక్కించి వద్దామని ఉంది. మొగిలి ఘాట్ కూడా చూపిద్దామా అని తమ్ముడు అంటున్నాడు.

పాతచిత్తూరు | డిసెంబరు 2, ఉదయం 8:05

కాణిపాకం సరే. ఘాట్ ఇప్పుడే వద్దు. వెనక చక్రాలు ఒక్కోటి విడిగా ఊగే రకం, పైన అడ్డంగా ఒకటే కమాన్ కట్ట. మలుపులోకి వేగంగా పోయి, భయపడి మధ్యలో యాక్సిలరేటర్ వదిలారంటే వెనక భాగం పైకి లేస్తుంది, బయటి చక్రం లోపలికి మడత పడుతుంది, బండి తోక తిప్పేస్తుంది. మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో కాలు కొంచెం ఆనించే ఉంచాలి. స్పిట్‌ఫైర్‌కు 1970 తర్వాత ఈ లోపం సరిచేశారు, మన బండికి చేయలేదు. దాని స్వభావం తెలిసేదాకా వెయ్యి కిలోమీటర్లు సమతలం మీదే నడపండి.

కల్యాణిడ్యామ్ | డిసెంబరు 14, రాత్రి 10:40

పోయొచ్చాం. అందరికీ చెప్పాల్సిన సంగతి ఒకటుంది.

చిత్తూరులో ఆగి అవ్వను కూడా ఎక్కించుకున్నా. నీలం రంగు చూసి "అప్పుడు ఇంకా కొంచెం ముదురు" అంది. ముందు సీటు మడిచి వెనక్కి ఎక్కించడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఎక్కినాక కిటికీ పక్కన కొంగు సర్దుకుని కూర్చుంది, మళ్లీ గుడి దాకా ఒక్క మాట లేదు. పూజ అయింది, నిమ్మకాయలు అయ్యాయి, కొబ్బరికాయ అయింది. అయ్యవారు బానెట్టు మీద బొట్లు పెడుతుంటే నేను పెయింటు గురించి ఆలోచించడం వినాయకుడికి తెలిసే ఉంటుంది.

తిరిగి వస్తుంటే చిత్తూరుకు నాలుగు కిలోమీటర్ల ముందు బండి దగ్గి ఆగిపోయింది. గేజు చూస్తే ఇంకా పావు చూపిస్తోంది. తమ్ముడు బానెట్టు తెరిచాడు. ఎండకు పంపులో పెట్రోలు ఆవిరైందేమో అని తడిగుడ్డ వేశాడు. ప్లగ్గు విప్పాడు, కరెంటు వస్తోంది. కార్బురేటర్ విప్పుదామా అని ఇద్దరం కొట్లాడుకుంటున్నాం. చెరకు బండివాడు ఒకడు ఆగి తన సలహా తాను ఇస్తున్నాడు.

వెనక సీట్లోంచి అవ్వ: "డిక్కీలో పిడి ఉంటుంది కదా నాయనా, దాన్ని తిప్పు. మా ఆయన ఎప్పుడూ అట్నే చేసేవాడు, పెట్రోలు పోయిస్తే డబ్బు దండగని."

రిజర్వు. స్కూటరుకు ఉన్నట్టు. ఇంజన్ తిరగనప్పుడూ, ట్యాంకులో పెట్రోలు నిండుగా ఉన్నప్పుడూ ఎటు తిప్పినా తేడా తెలియదు, అందుకే నాకు అర్థం కాలేదు. తిప్పి, పంపు నాలుగుసార్లు చేత్తో కొట్టి, తాళం వేస్తే స్టార్ట్.

పాతచిత్తూరు | డిసెంబరు 15, ఉదయం 6:02

రిజర్వు! పది నెలలుగా నాలుక చివరే ఉంది ఆ మాట. ఆవిడకు నా నమస్కారాలు చెప్పండి.

తిరుచానూరు_లక్ష్మి | డిసెంబరు 15, ఉదయం 9:25

గేజు పావు చూపించి ఆగిపోయిందంటే ట్యాంకులో పెట్రోలు కొలిచే యూనిట్ ఎర్త్ సరిగా లేదేమో. ఆదివారం వస్తాను, అప్పటిదాకా కర్రపుల్ల ముంచి చూసుకోండి. మొసలి బండి ఎక్కించాలని మా వాడు ఇప్పటి నుంచే గొడవ.

పీలేరు_పాతసామాను | డిసెంబరు 19, సాయంత్రం 5:50

అన్నలూ, నేను కొత్త. ఈ చర్చ మొత్తం రెండు రాత్రులు కూర్చుని చదివినా. మా మామ తోటలో మామిడి చెట్టు కింద ఒక గెజెల్ ఉంది, 1974ది. టైర్లు లేవు, కోళ్లు పడుకుంటాయి. ముందు ఏం చూడాల?

ఆటోనగర్_తమ్ముడు | డిసెంబరు 19, సాయంత్రం 6:03

కోళ్లను దించి, ఛాసిస్ చేతులు స్క్రూడ్రైవర్‌తో పొడిచి ఫోటోలు పెట్టు అన్నా. నిప్పల్ కనబడితే మాత్రం దేన్నీ ముట్టుకోవద్దు, ముందు ఇక్కడ అడుగు.